టెన్త్ బ్యాచ్ గ్రూపు ఎందుకు మూగబోతుంది?

సంక్రాంతి సెలవుల్లోనో, మే నెల ఆదివారాల్లోనో జిల్లా పరిషత్ హైస్కూళ్ల గేట్లకు ఫ్లెక్సీలు వేలాడతాయి. ‘‘1998–99 పదో తరగతి పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం.’’ లెక్కల మాస్టారికి శాలువా, దండ, మెమెంటో. ఒకసారి మైకు పుచ్చుకున్నవాడు దాన్ని వదలడు. డాలస్ నుంచి వచ్చినవాడూ, ఊళ్లోనే ఎరువుల దుకాణం నడుపుకుంటున్నవాడూ ఒకే బెంచీలో ఇరుక్కుని కూర్చుంటారు. బిర్యానీ, చెట్టు కింద గ్రూపు ఫొటో, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపు. రెండు వారాలు ఆ గ్రూపు ఎవరినీ నిద్రపోనివ్వదు. మూడో నెలకు గులాబీల మీద శుభోదయాలు, కేకు బొమ్మలు మిగులుతాయి. ఎన్నికలొస్తే ఓ గొడవ, ఇద్దరు ‘లెఫ్ట్’.

ఇక నిట్టూర్పులు మొదలు. ‘‘అందరూ మారిపోయార్రా, ఫోన్లొచ్చాక స్నేహాలే లేవు.’’ ఈ ఒక్క మాటలోనే రెండు మూడు అపోహలున్నాయి. స్నేహం మనసుకు సంబంధించింది కాబట్టి లెక్కలకు అందదనుకుంటాం గానీ, పరిశోధకులు డెబ్బై ఏళ్లకు పైగా దాన్ని కొలుస్తూనే ఉన్నారు. తేలినవి చాలాచోట్ల మన నమ్మకాలకు అడ్డం తిరుగుతాయి.

అపోహ: చిన్నప్పటి స్నేహమే అసలు స్నేహం. అది కలకాలం ఉంటుంది.

వాస్తవం: ఉండేవి ఉంటాయి, కానీ చాలా తక్కువ. అమెరికాలో ఏడో తరగతి పిల్లల మధ్య మొదలైన 573 స్నేహాలను పన్నెండో తరగతి దాకా గమనించిన అధ్యయనం ఒకటి 2015లో అచ్చయింది. చివరిదాకా మిగిలినవి నూటికి ఒకటి. ఎక్కువ భాగం ఏడాది తిరక్కుండానే తెగిపోయాయి. చదువులోనో, దూకుడులోనో, క్లాసులో ఉన్న పలుకుబడిలోనో ఇద్దరికీ ఎంత తేడా ఉంటే ఆ జంట విడిపోయే అవకాశం అంత ఎక్కువగా కనిపించింది.

మన పిల్లల విషయంలో ఆ తేడాలు పుట్టేదాకా కూడా ఆగక్కర్లేదు. నాలుగో తరగతి అవగానే ఒకరికి గురుకులంలో సీటొస్తుంది. ప్రైవేటు బడిలో మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. నాన్నకు బదిలీ అయితే టీసీ చేతికొస్తుంది. పదో తరగతి తర్వాత ఒకరు ఎంపీసీ అని విజయవాడ హాస్టల్‌కి, ఇంకొకరు బైపీసీ అని హైదరాబాద్‌కి. అక్కడ ఫోను దొరికే కాసేపూ ఇంటివాళ్లతో మాట్లాడటానికే చాలదు. స్నేహితుడు వెళ్లిపోయాడని పిల్లవాడు రెండు రోజులు అన్నం సరిగా తినకపోతే మనం ఏమంటాం? ‘‘పోనీలేరా, కొత్త బళ్లో ఇంకొకడు దొరుకుతాడు.’’ దొరకొచ్చు. కానీ వాడికి పోయినవాడు ఫలానా ఒక్కడు, రోజూ తన సైకిల్ వెనక కూర్చునేవాడు. అదేదో చిన్న బాధ అనుకుంటే పెద్దవాళ్లకు సుఖం, అంతే.

‘‘మరి బాపు–రమణల సంగతేంటి?’’ అని అడుగుతారు. మద్రాసులో బడి రోజుల్లోనే కలిశారు, నిజమే. అయితే ఆ జంటను నిలబెట్టింది బాల్యం ఒక్కటే కాదు. ఒకరు రాయడం, ఒకరు బొమ్మ వేయడం. 1967 నాటి ‘సాక్షి’ మొదలుకుని 2011లో రమణ పోయాక విడుదలైన ‘శ్రీరామరాజ్యం’ దాకా కలిసి సినిమాలు తీయడం. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉండటం. పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూడటానికి వాళ్లకో పని ఉంది. మనం ఆ బాల్యాన్ని తలుచుకుని మురిసిపోతాం, ఆ పనిని లెక్కలో వేసుకోం.

అపోహ: మనసులు కలవాలి గానీ, దూరం, టైము ఒక లెక్కా!

వాస్తవం: అవే అసలు లెక్క. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలోని ఎంఐటీ, యుద్ధం నుంచి తిరిగొచ్చి చదువుకుంటున్నవాళ్ల కోసం వెస్ట్‌గేట్ అనే క్వార్టర్లు కట్టింది. ఏ ఇల్లు వస్తే ఆ ఇంట్లో దిగారు, పక్కన ఎవరుండాలో ఎవరూ ఎంచుకోలేదు. లియోన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు అక్కడ ఎవరికి ఎవరు స్నేహితులో అడిగి 1950లో పుస్తకం వేశారు. పక్క గుమ్మంవాళ్లను దగ్గరి స్నేహితులన్నవాళ్లు 41 శాతం. ఒక గుమ్మం దాటితే 22. వరండా ఆ చివర ఉన్నవాళ్లయితే 10. ఉత్తరాల పెట్టెల దగ్గరా, మెట్ల దగ్గరా ఇల్లు వచ్చినవాళ్లకు పై అంతస్తులో కూడా స్నేహితులయ్యారు. రోజూ ఎదురుపడతారు కాబట్టి!

ఇంకా తమాషా 1974 నాటిది. మేరీల్యాండ్ పోలీసు శిక్షణ కేంద్రంలో పేర్ల అక్షర క్రమం ప్రకారం సీట్లు, గదులు ఇచ్చారు. ఎవరితో స్నేహం కుదిరిందని అడిగితే, ఎక్కువగా తమ ఇంటిపేరుకు దగ్గరి అక్షరంవాళ్ల పేర్లే చెప్పారు. మన హాజరుపట్టీల్లోనూ రోల్ నంబర్లు అలాగే వస్తాయి. ల్యాబులో జంటలు, పరీక్ష హాల్లో ముందు బెంచీ, వెనక బెంచీ, వైవా కోసం గంటల తరబడి వరండాలో నిలబడటం, అన్నీ ఆ వరసలోనే. ఇంజనీరింగ్‌లో మీ ప్రాణ స్నేహితుడి రోల్ నంబరు ఎంతో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక టైము. కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్, కొత్త ఊరికి మారినవాళ్లనూ, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లనూ పరిశీలించి ఒక అంచనా కట్టాడు. ముఖ పరిచయం మామూలు స్నేహం కావడానికి కలిసి గడిపింది సుమారు 50 గంటలు కావాలి. ఫ్రెండ్ అని గట్టిగా చెప్పుకోవడానికి 90. ప్రాణ స్నేహానికి 200 దాటాలి. పక్కపక్క సీట్లలో కూర్చుని పని చేసుకున్నంత మాత్రాన ఈ గంటలు జమ కావు. కబుర్లు, ఆట, తిండి, తిరుగుడు ఉండాలి. టీకొట్టు దగ్గర పనికిరాని మాటలతో పోగొట్టిన కాలమంతా ఈ ఖాతాలోదే అన్నమాట.

ఏడాదికో పూట సమ్మేళనం ఈ లెక్కలో ఎంత? అరవై మంది ఉన్న గ్రూపులో పెట్టే శుభోదయం ఏ ఒక్కరి కోసమూ పెట్టింది కాదు, అందుకే ఏ ఒక్కరూ జవాబివ్వరు. ఆ అరవైలో నలుగురు విడిగా మాట్లాడుకుంటూనే ఉంటారు, చూడండి. వాళ్లు అదే ఊళ్లో ఉన్నవాళ్లో, కలిసి చిట్టీ కట్టేవాళ్లో, ఆదివారం షటిల్ ఆడేవాళ్లో అయ్యుంటారు.

అపోహ: మనిషి మెదడు 150 మందికి మించి స్నేహాలు మోయలేదని సైన్సు తేల్చేసింది.

వాస్తవం: తేల్చలేదు. రాబిన్ డన్‌బార్ 1992లో కోతుల మెదడు పరిమాణానికీ, గుంపు పరిమాణానికీ ఉన్న సంబంధం చూసి మనిషికి వేసిన అంచనా అది. స్వీడన్ పరిశోధకులు 2021లో అదే లెక్క మళ్లీ వేస్తే జవాబు ఎక్కడా నిలవలేదు. పది లోపు నుంచి ఐదొందల పైదాకా ఏదైనా కావొచ్చని వచ్చింది. పెళ్లి శుభలేఖలు పంచిన ఏ తెలుగు తండ్రిని అడిగినా ఈ సంగతి చెప్పేవాడు.

అపోహ: క్లాసులో అందరికీ తెలిసిన పిల్లే రేపు బాగుపడుతుంది. మన పిల్లకి ఒక్కత్తే స్నేహితురాలు, ఏమిటో!

వాస్తవం: ఆ ఒక్కత్తి ఉంటే కంగారు పడక్కర్లేదు. వర్జీనియాలో 169 మందిని పదిహేనేళ్ల వయసు నుంచి పాతికేళ్ల దాకా గమనించారు, ఫలితాలు 2017లో వచ్చాయి. పదిహేనేళ్లప్పుడు గట్టి స్నేహం ఉన్నవాళ్లలో, పాతికేళ్లకు వచ్చేసరికి నలుగురిలో బెరుకు, దిగులు తగ్గాయి, తమ మీద తమకు గౌరవం పెరిగింది. క్లాసులో పేరున్నవాళ్లలో మాత్రం ఆ బెరుకు పెరిగింది! ‘‘అందరితో కలవవే’’ అని వార్షికోత్సవం డాన్సులోకి పిల్లను తోసే ముందు, ఆ ఒక్క స్నేహితురాలిని ఓ ఆదివారం ఇంటికి పిలిచి పెసరట్లు వేసి పెట్టడం మేలు. గంటలు జమవుతాయి.

అపోహ: లేని స్నేహితుడితో మాట్లాడే పిల్లకి ఏదో తేడా ఉంది.

వాస్తవం: మామూలే. ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో మార్జరీ టేలర్ బృందం చూసిన పిల్లల్లో, ఊహల్లోని మనుషులో, ప్రాణం పోసుకున్న బొమ్మలో ఏడేళ్లలోపు ఎప్పుడో ఒకప్పుడు తోడున్నవాళ్లు 65 శాతం. అలాంటి పిల్లలు పిరికివాళ్లు, ఏకాకులు అన్నదానికి ఆధారం దొరకలేదు. దిష్టి తీసినా నష్టం లేదు గానీ, తిట్టకండి.

అపోహ: ఆన్‌లైన్ స్నేహం ఉత్తుత్తి స్నేహం.

వాస్తవం: నార్వేలో మాట్స్ స్టీన్ అనే కుర్రాడుండేవాడు. పుట్టుకతో వచ్చిన డుషేన్ కండరాల క్షీణత. నడక పోయింది, చేతుల్లో వేళ్లు మాత్రం కొంచెం కదిలేవి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆడేవాడు. మా వాడికి స్నేహం అంటే ఏమిటో తెలియకుండానే బతుకు వెళ్లిపోతోందని తల్లిదండ్రులు కుమిలిపోయారు. 2014లో, 25 ఏళ్ల వయసులో అతను చనిపోయాక, తండ్రి ఆ వార్తను కొడుకు బ్లాగులో పెట్టాడు. అప్పుడు మొదలయ్యాయి ఈమెయిళ్లు. ఆటలో అతని పేరు ఇబెలిన్. కష్టంలో ఉన్నప్పుడు ఇబెలిన్ నా మాట విన్నాడని ఒకరు, నా బిడ్డతో నాకు మళ్లీ మాట కలిపాడని ఇంకొకరు. యూరప్‌లోని వేర్వేరు దేశాల నుంచి కొందరు అంత్యక్రియలకు కూడా వచ్చారు. ఆ కథ మీద 2024లో నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ వచ్చింది.

అందరి సంగతీ ఇలాగే ఉంటుందని కాదు. ఇంటర్నెట్ మనుషుల్ని ఒంటరుల్ని చేస్తోందన్న హెచ్చరిక 1998లో పెద్ద ఎత్తున వినిపించింది. పిట్స్‌బర్గ్‌లో 73 ఇళ్లను చూసి చెప్పిన మాట అది. అదే బృందం మళ్లీ వెళ్లి చూసి, ఆ చెడు ప్రభావాలు చాలావరకు కనబడటం లేదని 2002లో రాసింది. మొదటి వార్త ఇప్పటికీ తిరుగుతోంది, రెండోది ఎవరికీ చేరలేదు. ప్యూ సంస్థ 2015 సర్వేలో అమెరికాలోని 13–17 ఏళ్లవాళ్లలో 57 శాతం ఆన్‌లైన్‌లో కొత్త స్నేహం చేశామన్నారు. అలాంటి స్నేహితుల్ని ఎదురుగా కలిసినవాళ్లు మొత్తం పిల్లల్లో 20 శాతమే.

మన దగ్గరా ఉదాహరణలున్నాయి. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. ఏళ్ల తరబడి ఒకరి వ్యాసాలు ఒకరు దిద్దుకుంటూ, అక్షరదోషాల మీద వాదించుకుంటూ వచ్చినవాళ్లు 2014లో దశాబ్ది ఉత్సవాలకు విజయవాడలో కలిశారు. ముఖాలు కొత్త కావచ్చు, మనుషులు కాదు. ఇక్కడా స్నేహాన్ని కట్టింది మళ్లీ మళ్లీ ఒకే పని మీద కలుసుకోవడమే. పని లేకుండా ఫొటోలకు లైకులు కొట్టుకునే రెండువేల మంది సంగతి వేరు.

అపోహ: ఆన్‌లైన్‌లో మోసపోయేది పిల్లలే.

వాస్తవం: పెద్దలూ బాగానే మోసపోతారు, అదీ పెద్ద మొత్తాల్లో. విదేశీ ‘మిత్రుడు’ గిఫ్టు పంపానంటాడు, రెండు రోజులకు ఢిల్లీ విమానాశ్రయం కస్టమ్స్ నుంచి అని ఫోన్ వస్తుంది, పన్ను కట్టమంటారు. లేదా మన పాత స్నేహితుడి ఫొటోతోనే కొత్త ఖాతా తెరిచి ‘అర్జెంటుగా పదివేలు వెయ్యరా, సాయంత్రం ఇచ్చేస్తా’ అంటారు. స్నేహితుడి పాత నంబరుకి ఒక్క ఫోన్ చేస్తే బయటపడిపోయే మోసం ఇది. కానీ చాలాకాలంగా మాట్లాడని మొహమాటం ఆ ఫోన్ చేయనివ్వదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతా దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

పిల్లల విషయంలో చూడాల్సింది అపరిచితుడా కాదా అన్నది ఒక్కటే కాదు. క్లాసు గ్రూపులో పేర్లు పెట్టి ఏడిపించేది పక్క బెంచీవాడే కావొచ్చు. ఆటలో పరిచయమైనవాడు ఊరికే ఆటలో వాడే డైమండ్లు కొనిపెట్టడం, చాట్‌ను వేరే యాప్‌లోకి మార్చమనడం, ఫొటో అడగడం, అమ్మకు చెప్పొద్దనడం, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా అది స్నేహం కాదని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. చెప్పిన మరుక్షణం ఫోన్ లాక్కునే ఇంట్లో మాత్రం పిల్ల రెండోసారి చెప్పదు.

అపోహ: ఇన్నేళ్లు మాట్లాడకుండా ఇప్పుడు ఫోన్ చేస్తే ఏమనుకుంటారో!

వాస్తవం: మనం అనుకున్నదానికంటే సంతోషిస్తారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెగ్గీ లియూ బృందం 5,900 మందికి పైగా పాల్గొన్న ప్రయోగాల ఫలితాలు 2022లో ప్రచురించింది. ఊరికే ఓ పలకరింపు పంపినవాళ్లు, అవతలివాళ్లు దాన్ని ఎంత మెచ్చుకుంటారో ప్రతిసారీ తక్కువే అంచనా వేశారు. అనుకోకుండా వచ్చిన పలకరింపైతే ఆ సంతోషం ఇంకా ఎక్కువ. మూడేళ్లకు పైగా మాట్లాడని పాత పరిచయస్తులకు ఫోన్ చేసి సలహా అడగమని మేనేజర్లను పురమాయించిన 2011 నాటి అధ్యయనంలోనూ అంతే. పాత నమ్మకం చెక్కుచెదరలేదు, పైగా రోజూ కలిసేవాళ్లు చెప్పలేని కొత్త సంగతులు దొరికాయి.

మన దగ్గర ఒక్క చిక్కుంది. చాలా ఏళ్లకు ఫోన్ చేసినవాడు పెళ్లికి పిలవడానికో, పాలసీ కట్టించడానికో, స్థలం అమ్మడానికో చేశాడని అవతలివాడికి గట్టి నమ్మకం. ‘ఏంట్రా విశేషం’ అన్న మాటలోనే ఆ అనుమానం ఉంటుంది. ‘‘ఊరికే చేశాను, డబ్బు అవసరమై కాదు’’ అని మొదటి నిమిషంలోనే చెప్పేస్తే వాడు స్థిమితపడతాడు. ఆ తర్వాత పాత మాస్టార్ల పేర్లు వాడే ఎత్తుకుంటాడు.