మునిగినవారు మెల్లగా పైకి రావలసినదెందుకు?

గోలీసోడా బుడ్డిలోని నీరు చూడడానికి నిశ్చలంగా ఉంటుంది. గోలీని లోపలికి నొక్కగానే బుస్సుమని బుడగలు పొంగుతాయి. ఆ వాయువు అప్పుడు పుట్టినది కాదు. ఒత్తిడికి లోబడి అంతవరకు నీటిలో కరిగి ఉన్నదే. ద్రవంలో కరిగే వాయువు పరిమాణం ఆ వాయువు పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుందని విలియం హెన్రీ 1803లో తెలిపినాడు. స్కూబా పరికరంతో సముద్రంలో మునిగేవారి శరీరానికి కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం సుమారు ఒక వాతావరణం చొప్పున పెరుగుతుంది. 20 మీటర్ల లోతున అది 3 వాతావరణాలు. మునిగినవాడు ఆ పీడనంతోనే గాలి పీల్చుకొంటాడు. గాలిలో దాదాపు అయిదింట నాలుగు పాళ్లు నత్రజని. శరీరం ఆమ్లజనిని వినియోగించుకొంటుంది. నత్రజని మాత్రం కణజాలాలలో కరుగుతూ పోతుంది. మెల్లగా పైకి వస్తే అది ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. తొందరపడితే సోడాబుడ్డిలో జరిగినదే శరీరంలోనూ జరుగుతుంది. కీళ్ల నొప్పి, పక్షవాతం, ఒక్కొక్కప్పుడు మరణం కూడా సంభవిస్తాయి. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం, సంపీడిత వాయువు నింపిన గదులలో పనిచేసినవారు ఈ వ్యాధికి గురైనారు. ప్రధాన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ సైతం 1872లో మంచం పట్టినాడు. దీనికి కారణం నత్రజని బుడగలేనని పాల్ బెర్ట్ 1878లో చూపినాడు.

దీనిని లెక్కకు అందించినవాడు బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్. మేకలపై ప్రయోగాలు చేసి 1908లో తన సహచరులతో కలిసి ఫలితాలు ప్రకటించినాడు. రక్తప్రసారం ఎక్కువగల భాగాలలో నత్రజని త్వరగాను, కొవ్వులో మెల్లగాను నిండుతుంది. అందుచేత ఆయన శరీరాన్ని 5 ఊహాత్మక భాగాలుగా విభజించి, వాటికి 5, 10, 20, 40, 75 నిమిషాల అర్ధకాలాలు నిర్ణయించినాడు.

అర్ధకాలమంటే ఏమిటి? నీటిపైన శరీరంలోని నత్రజని పీడనం 0.8 వాతావరణం. 20 మీటర్ల లోతున పీల్చే గాలిలో అది 2.4. తేడా 1.6. అర్ధకాలం 10 నిమిషాలైన భాగంలో, మొదటి 10 నిమిషాలలో ఈ తేడాలో సగం పూడి పీడనం 1.6 అవుతుంది. తరువాతి 10 నిమిషాలలో మిగిలిన దానిలో సగం చేరి 2.0, ఆ పిమ్మట 2.2 అవుతుంది. నత్రజని వెలువడేటప్పుడు కూడా లెక్క ఇటువంటిదే.

ఈ లెక్కల నుండి పట్టికలు పుట్టినవి. అమెరికా నౌకాదళం 1950 దశకంలో వాడిన పట్టిక ప్రకారం 18 మీటర్ల లోతున 60 నిమిషాలు, 30 మీటర్ల లోతున 25 నిమిషాలు ఉన్నవారు దారిలో ఆగకుండా పైకి రావచ్చును. అయితే కొద్దిసేపే 30 మీటర్లకు దిగి, మిగతా కాలం 12 మీటర్లలో గడిపినవాడిని కూడా పట్టిక మొత్తం కాలం 30 మీటర్లలో ఉన్నట్లే లెక్కిస్తుంది. చేతికి కట్టుకొనే డైవ్ కంప్యూటరు ఈ లోటును తీర్చినది. అది పీడనాన్ని, కాలాన్ని క్షణక్షణం కొలిచి, ఒక్కొక్క భాగంలో ఎంత నత్రజని ఉన్నదో లెక్కకట్టి, ఇంకెంతసేపు ఉండవచ్చునో చూపుతుంది. నేటి అనేక కంప్యూటర్లు జూరిచ్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బ్యూల్‌మన్ రూపొందించిన 16 భాగాల పద్ధతిని అనుసరిస్తాయి.

కాని కంప్యూటరు కొలిచేది నీటినే గాని మనిషిని కాదు. అతని అలసట, వయస్సు, శరీరంలో నీరు తగ్గడం దానికి తెలియవు. ఇద్దరికి ఒకే కంప్యూటరు చాలదు; ఇద్దరు దిగిన లోతులు ఒకటి కావు. అది చూపిన గడువు చివరి నిమిషం వరకు ఉండడం వివేకం కాదు. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావడం, 5 మీటర్ల లోతున 3 నిమిషాలు ఆగడం మంచి అలవాట్లు. విమానంలో గాలి పీడనం నేలమీది కంటె తక్కువ కనుక, పలుమార్లు మునిగినవారు కనీసం 18 గంటలు విమానమెక్కరాదు. నొప్పిగాని తిమ్మిరిగాని కనిపిస్తే, కంప్యూటరు తప్పేమీ చూపకపోయినా, వెంటనే ఆమ్లజని ఇచ్చి వైద్యుని చేర్చాలి. అటువంటప్పుడు నమ్మవలసినది శరీరాన్నే.