గరికకెన్ని బిందెల నీళ్లు?

— బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి

చేలో గరిక కనబడితే మా నాయన ఊరుకోడు. మడక సాలు వెంబడి వంగి, వేర్లతో సహా ఏరి గట్టు మీద పడేస్తాడు. అదే గరికను పట్నంలో "బెర్ముడా గ్రాస్" అని పేరు పెట్టి డబ్బిచ్చి కొంటారు. ఎర్రమట్టి తోలించి, నీళ్లు పెట్టి, ఎరువు చల్లి, మిషనుతో కత్తిరించి, చివరకు "గడ్డి మీద నడవరాదు" అని బోర్డు కూడా పెడతారు. రెండూ ఒకే మొక్క. వృక్షశాస్త్రంలో దాని పేరు సైనోడాన్ డాక్టిలాన్. సైనోడాన్ అంటే గ్రీకు భాషలో కుక్కపన్ను. డాక్టిలాన్ అనే మాట వేళ్లను బట్టి వచ్చింది, దాని వెన్నులు చేతివేళ్లలాగా విచ్చుకుని ఉంటాయి గదా! వినాయక చవితినాడు పత్రిలో దూర్వాయుగ్మం అని సమర్పించేది కూడా ఇదే.

ఇంటి ముందు పచ్చిక పెంచుకోవాలనే వాళ్లు ముందుగా ఈ గడ్డి స్వభావం తెలుసుకోవాలి. దీనికి నేల మీద పాకే కాండాలు కొన్ని, నేల లోపల పాకే కాండాలు కొన్ని. కణుపు కణుపుకూ వేరు పుడుతుంది. మొక్కజొన్న, చెరుకు మాదిరి ఇది కూడా సీ-4 తరగతికి చెందిన మొక్క. అంటే మండే ఎండలో, తక్కువ నీటితోనే ఆహారం తయారుచేసుకునే ఏర్పాటు దీని ఆకుల్లో ఉంది. బొత్తిగా నీళ్లు లేకపోతే పైన ఎండిపోయి, లోపలి కాండంలో ప్రాణం నిలుపుకుంటుంది. వాన పడితే కొద్ది రోజుల్లోనే మళ్లీ పచ్చబడుతుంది. చేలో దీన్ని చంపలేక రైతు చస్తున్నాడు. పట్నంలో దీన్ని బతికించడానికి మనం నానా తంటాలు పడుతున్నాం!

ఎందుకీ తంటా? ఎందుకంటే మనకు గరికతో సరిపోదు, మే నెలలో కూడా ఆకుపచ్చ తివాచీలాగా ఉండే గరిక కావాలి. ఈ కోరిక మన నేలలో పుట్టింది కాదు. ఇంగ్లండులో సంవత్సరం పొడుగునా చల్లదనం, సన్నజల్లులు. అక్కడ గడ్డి దానంతటదే పచ్చగా ఉంటుంది. పూర్వం గొర్రెలూ, కొడవళ్లూ చేసే పనికి 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన కోతయంత్రం కనిపెట్టాడు. దానితో జమీందార్ల భవనాల ముందుండే పచ్చిక మామూలు ఇళ్ల ముందుకు కూడా వచ్చింది. మన దేశంలో దొరలు పోయారు గానీ బంగళా ముందరి పచ్చిక మాత్రం పోలేదు. మా అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూను నుంచి నవంబరు లోపలే. మిగతా నెలల్లో తివాచీకి నీళ్లెవరు పోయాలి?

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. వేసవిలో పచ్చగా ఉన్న గడ్డి నుంచీ నేల నుంచీ రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరై పోతుందనుకుందాం. వడగాడ్పులకు ఇంకా ఎక్కువే పోవచ్చు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు పచ్చిక, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. దానికి రోజుకు 500 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో 33 బిందెలు. నెలకు 15,000 లీటర్లు, అంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు మూడు!

ఈ లెక్క బిందెల్లో ఎందుకు చెప్పానంటే, మా ఇంట్లో నీళ్ల లెక్క బిందెల్లోనే. మా చేలో రెండు బోర్లు ఎండిపోయాయి. ఎండాకాలం ట్యాంకరు వచ్చినప్పుడు ఇంటికి ఆరు బిందెలని వంతు పెడతారు. మా అమ్మ ఆ ఆరు బిందెలతోనే వంటా, తాగడం, గేదెకు కుడితి అన్నీ సర్దుతుంది. పట్నంలో ఒక ఆఫీసు ముందర మిట్టమధ్యాహ్నం గొట్టం తిప్పి, నీళ్లు రోడ్డు మీదికి పారుతున్నా పట్టించుకోకుండా గడ్డిని తడుపుతుంటే చూశాను. నాకైతే అది గడ్డిలాగా కనబడలేదు.

అందుకని పచ్చికే వద్దంటారా అని అడగవచ్చు. అననే అనను. సాయంత్రం కూర్చోవడానికి, పసిపిల్లలు ఆడుకోవడానికి గడ్డిని మించింది లేదు. దుమ్ము లేవదు, సిమెంటు గచ్చులాగా వేడెక్కదు, వాన నీళ్లను నేలలోకి ఇంకనిస్తుంది. అయితే కూర్చునేంత మేరకే పెంచుకోవాలి. నాలుగు మీటర్లకు అయిదు మీటర్ల పచ్చిక ఒక కుటుంబానికి చాలదా? అప్పుడు పైలెక్క ప్రకారం రోజుకు ఏడు బిందెలు కూడా పట్టవు. నీళ్లు కూడా రోజూ పైపైన చల్లవద్దు. వేరు నీటి వెంట పోతుంది. పైన తడిస్తే పైనే ఉండిపోతుంది, లోతుగా తడిస్తే లోతుకు దిగుతుంది. నాలుగైదు రోజులకొకసారి, పొద్దు పొడవకముందు, జానెడు లోతు తడిసేలా పెట్టాలి. ఇనుప చువ్వ గుచ్చి చూస్తే తడి ఎందాకా దిగిందో తెలిసిపోతుంది. నీళ్లకు మరీ కటకటగా ఉంటే గడ్డిని ఎండనివ్వండి. చచ్చిందనుకోవద్దు, నిద్రపోయిందంతే.

కత్తిరించడంలో కూడా ఒక కిటుకుంది. గుండు గీసినట్లు మొదలంటా కొయ్యకూడదు. ఆకే గదా గడ్డికి వంటిల్లు! ఒక విడతకు మూడోవంతుకు మించి కొయ్యకుండా, ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల ఎత్తు ఉంచితే నేలకు నీడ పడి తేమ నిలుస్తుంది, కలుపు గింజ మొలవదు. కోసిన ముక్కల్ని అక్కడే పడనివ్వాలి. వాటిలో ఉన్న నత్రజని కుళ్లి తిరిగి నేలకే చేరుతుంది. వాటిని ఊడ్చి పారేసి, బజారు నుంచి యూరియా తెచ్చి చల్లడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

యూరియాలో నూటికి 46 వంతులు నత్రజని. తెల్లటి గుళికలు, చల్లిన వారానికే గడ్డి నల్లగా ఏపుగా లేస్తుంది. అందుకే అందరికీ దాని మీద మోజు. కాని చల్లిందంతా గడ్డికి చేరదు. తడి గడ్డి మీద పైపైన చల్లితే సూక్ష్మజీవుల ఎంజైము దాన్ని అమ్మోనియాగా విడగొడుతుంది, అందులో కొంత గాలిలో కలిసిపోతుంది. మిగిలినదాన్ని ఇంకో రకం సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటును మట్టి పట్టి ఉంచలేదు. నీళ్లు ఎక్కువ పెడితే వాటితో పాటే కిందికి దిగి, చివరకు బావిలోకో బోరులోకో చేరుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. దాటితే ముఖ్యంగా చంటిబిడ్డలకు ప్రమాదం, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గుతుంది. యూరియాతో వేపపిండి కలిపి చల్లే అలవాటు రైతుల్లో చాలాకాలం నుంచీ ఉంది. వేప ఈ నైట్రేటు తయారీని నెమ్మదింపజేస్తుంది. 2015లో కేంద్ర ప్రభుత్వం యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేసింది కూడా ఇందుకే.

ఇంటి తోటకు అసలు యూరియా అవసరమే లేదని నా అభిప్రాయం. రోజూ పొద్దున్నే ఊడ్చి, కుప్పవేసి, అగ్గిపెట్టే ఆకులున్నాయే, అవే ఎరువు. కానుగాకు సంగతి రైతుబిడ్డలకు చెప్పనక్కర్లేదు. అది చిక్కుడు కుటుంబపు చెట్టు, ఆకులో నత్రజని ఎక్కువ, మళ్లలో వేసి తొక్కేది అందుకే. ఆ ఆకును కాల్చి పొగ పీల్చడం ఎంత తెలివితక్కువ!

పెరట్లో ఒక మూల మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వండి. ఎండుటాకులు మూడు గంపలకు పచ్చిది ఒక గంప చొప్పున వరసలు వెయ్యండి. పచ్చిదంటే కూరగాయ తొక్కలు, వాడిన పూలు, టీ పిప్పి. వరస వరసకూ కాస్త పేడనీళ్లు. ఎండుటాకులో కర్బనం, పచ్చిదానిలో నత్రజని ఉంటాయి. కర్బనం ముప్పై పాళ్లకు నత్రజని ఒక పాలు ఉంటే సూక్ష్మజీవులు బాగా పనిచేస్తాయి. పిండిన గుడ్డలో ఉండేంత తడి చాలు. కొద్దిరోజులకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. కంపు కొడితే గాలి ఆడలేదన్నమాట, తిరగవేసి ఎండుటాకు కలపాలి. మూడు, నాలుగు నెలలకు నల్లటి, మట్టివాసన వేసే ఎరువు తయారు. గరిక వేర్లను మాత్రం బాగా ఎండబెట్టకుండా అందులో వెయ్యకండి, తోటంతా మీరే నాటినట్లవుతుంది.

ఇక పురుగు మందుల మాట. పెరటి చిక్కుడుకు పేనుబంక పట్టిందని, చేనికి తెచ్చిన డబ్బాలో మిగిలిన మోనోక్రోటోఫాస్ కొట్టడం మా వైపు చాలా ఇళ్లలో చూశాను. కూరగాయల మీద ఆ మందు వాడకూడదని 2005లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. మందు కొట్టిన మర్నాడు అదే పాదుకు కాయ కోసి కూర వండుతారు! పైగా ఆ మందుకు పేనుతో పాటు అక్షింతల పురుగు కూడా చస్తుంది. నారింజ రంగు వీపు మీద నల్లచుక్కలుండే ఆ బుజ్జి పురుగు, చిన్న మొసలిలాగా ఉండే దాని పిల్ల, రెండూ పేనును తినేవే. పేను త్వరగా తిరిగి పెరుగుతుంది, దాన్ని తినేది అంత త్వరగా పెరగదు. అప్పుడు మళ్లీ మందు. కాబట్టి ముందు ఆకు తిప్పి చూడండి. అక్షింతల పురుగులు కనిపిస్తే వాటికే వదిలెయ్యండి. లేకపోతే వేపపప్పు 50 గ్రాములు దంచి, మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండి, వడగట్టి, కొంచెం సబ్బునీళ్లు కలిపి చల్లండి. చల్లేది సాయంత్రమే. దానిలో పనిచేసే అజాడిరక్టిన్ ఎండకు విరిగిపోతుంది.

స్నానాల నీళ్లు పారే చోట అరటి, చేమ వెయ్యడం మన పల్లెల్లో మామూలే. పట్నంలో ఆ నీళ్లు కాలువ పాలు. బట్టలుతికిన డిటర్జెంటు నీళ్లను మాత్రం రోజూ ఒకేచోట పోయవద్దు. సోడియం చేరి నేల గట్టిపడుతుంది.

చివరిగా, చెట్టు నీడ. గరిక నీడలో బతకదు. మామిడి కిందా, వేప కిందా గడ్డి రాలేదని ఏటేటా కొత్త గడ్డి పరిచేవాళ్లున్నారు. గడ్డి కోసం చెట్టు కొమ్మలు కొట్టించేవాళ్లూ ఉన్నారు! అక్కడ రాలిన ఆకును అలాగే ఉంచి, కొసల్లో కాస్త వెలుతురు తగిలే చోట కనకాంబరం, గోడవారగా తమలపాకు తీగ వేసుకోవచ్చు. పసుపు ఇంకా సులువు. జూనులో కొమ్ములు పాతి పైన ఆకు కప్పితే, ఎండ తక్కువైనా ఎదుగుతుంది. ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆకులు పండి వాలిపోతాయి. అప్పుడు తవ్వుకోవడమే.