విదారణము – విశోధనము : వీథివృక్ష సంరక్షణమున శాస్త్రదృష్టి

ధర్మశాస్త్రములు చెట్టుపై కత్తి పెట్టుటనే నిషేధించినవని సభలలో తరచుగా వినవచ్చును. ఈ మాట సగము మాత్రమే నిజము. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, దండపారుష్య ప్రకరణమందు, వృక్షవిదారణమునకు దండము విధింపబడినది. కొమ్మను కొట్టినచో 20 పణములు, బోదెను కొట్టినచో 40, సమూలముగా కూల్చినచో 80. కొమ్మ నాటినను మొలకెత్తు మర్రి మొదలగు వానికిని, జనుల జీవనమునకు ఆధారమైన మామిడి మొదలగు వానికిని ఈ విధి వర్తించును. చైత్యము, శ్మశానము, పొలిమేర, పుణ్యస్థలము, దేవాలయము – ఈ చోట్ల పెరిగిన వృక్షములకు దండము రెట్టింపు.

ఇచట చెట్టు ఎవరిదను ప్రశ్న లేదు. దండమును హెచ్చించునది యాజమాన్యము కాదు. చెట్టు నిలిచిన చోటు, దాని ఉపయోగము. కౌటిల్యుడు మరియొక మెట్టు క్రిందికి దిగి, పురోపవనములందు పూలు, పండ్లు, నీడ నిచ్చు చెట్ల చిగుళ్లను త్రుంచినను 6 పణములు, చిన్నకొమ్మలకు 12, లావు కొమ్మలకు 24 అనెను. ఇరువురి పొలముల హద్దుపై మొలచిన చెట్టు ఫలపుష్పములు ఇరువురికిని సమానమని నారదుడు చెప్పెను. ఇంటి ముంగిటి వేపను "ఇది పురపాలక సంఘమువారిది" యని ఒకరును, "ఇది ఇంటివారిది" యని మరియొకరును విడిచివేయు నేటి స్థితికి ఈ దృష్టి మిక్కిలి దూరము.

అయినను చిక్కు ఒకటి కలదు. మితాక్షర విదారణమునకు ఛేదనమనియే అర్థము చెప్పినది. ఛేదనమంతయు దండ్యమైనచో వృక్షవైద్యునికి గతి యేమి? బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున వరాహమిహిరుడు ఆకులు పాలిపోవుట, చిగుళ్లు ఎదుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట రోగలక్షణములని చెప్పి, చికిత్సయందు మొట్టమొదట శస్త్రముతో విశోధనము చేయవలెననెను. కత్తి రెండు చోట్లను ఒక్కటే; ప్రయోజనము వేరు. శల్యవైద్యుని కోత హింస కానట్లే విశోధనము విదారణము కాదు. ఈ సమన్వయము లేనిదే రెండు శాస్త్రములును పరస్పరము కొట్టుకొనును.

ఈ భేదము పండితుల చర్చకే పరిమితము కాదు. వానకారునకు ముందు కరెంటు తీగల కొరకు వీథివృక్షములను ఒకే ప్రక్క నరికివేయుదురు. బరువు రెండవ ప్రక్కకు మొగ్గి, తొలి గాలివానకే చెట్టు కూలుట కలదు. మోడుగా విడిచిన కొమ్మ మొదలు కుళ్లి, ఆ కుళ్లు బోదెలోనికి దిగును. విశోధనమైనచో ముందు కొమ్మ అడుగు భాగమున గంటు పెట్టి, పిదప పైనుండి కోయవలెను. అట్లు చేసిన బెరడు చీలదు. కొమ్మ బోదెతో కలియుచోట ఉబ్బిన వలయమును తాకక దానికి వెలుపలనే కోత ముగియవలెను. గాయమునకు వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపి పూయవలెనని వరాహమిహిరుడు చెప్పెను గాని, చెట్టు తన గాయమును లోపలినుండియే కట్టడి చేసికొనుననియు, పైపూతలవలన మేలు స్వల్పమనియు నేటి వృక్షవైద్యుల మతము. ఇట్టి చోట ప్రత్యక్షమునే అనుసరింపవలెను; ఆచార్యునికి దాన లాఘవమేమియు లేదు.

చికిత్స నేడును మృగ్యము కాదు. మహబూబ్‌నగరము చెంతనున్న పిల్లలమర్రికి చెదలు పట్టి, 2017లో పెద్దకొమ్మ విరిగిపడగా, 2018లో చెదలమందును సెలైన్ సీసాలనుండి బొట్టుబొట్టుగా చెట్టులోనికి ఎక్కించి, వ్రాలిన కొమ్మలకు ఆధారములు కట్టిరి. ప్రసిద్ధవృక్షమునకు యాజ్ఞవల్క్యుడును ప్రత్యేకస్థాన మిచ్చెను. వీథిలోని పేరులేని గానుగకు ఆ భాగ్యమెక్కడిది?

దానికి కీడు గొడ్డలివలననే కాదు, సిమెంటువలనను కలుగుచున్నది. ఆకులూడ్చుట సులభమగునని గృహస్థుడే చెట్టు మొదలువరకు గచ్చు చేయించును. నాటిన చెట్లకు వేసవిలో ఉదయ సాయంకాలములు, శీతకాలమున దినము విడిచి దినము, వర్షాకాలమున నేల యెండినప్పుడు నీరు పోయవలెనని వరాహమిహిరుని నియమము. ఆ నీరు దిగుటకు మన్ను కనబడవలెను గదా. 2013లో జాతీయ హరిత న్యాయాధికరణము ఢిల్లీనగరమున ప్రతి చెట్టు చుట్టును ఒక మీటరు మేర సిమెంటును తొలగింపుమని ఆదేశించినది. ఆ మీటరు మన్నును విడిచిపెట్టుటకు మాత్రము ఏ గృహస్థునకును ఆదేశముతో పనిలేదు.