ఊ కొట్టే పిల్లకు ఒక వేషం

తెలంగాణ జానపద కళ ఒగ్గు కథను పెద్ద కథకుడు ఒక్కడే నడపడు. పక్కన వంత పాడేవాడు మాటిమాటికీ అడ్డం వస్తాడు. అట్లెందుకు చేసింది, తర్వాతేమైంది, నువ్వు చూసినవా అంటూ జనం మనసులో మెదిలే ప్రశ్నను తానే ముందు అడిగేస్తాడు. కథకుడు కండువాను కొంగులా తలమీదికి లాక్కుంటే ఎల్లమ్మ, నడుముకు బిగిస్తే రాజు. డోలు మోగిందంటే మళ్లీ కథకుడే. వేములవాడ దగ్గరి హన్మాజిపేట మిద్దె రాములు, జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య ఈ విద్యతోనే పేరు తెచ్చుకున్నారు. మల్లన్న, బీరప్ప కథలు విన్న హుజూరాబాద్ వైపు వాళ్లకు ఇది కొత్త కాదు.

నా దృష్టిలో ఇందులో ఒక మంచి పంతులు దాగున్నాడు. విదేశాల్లోని మన తెలుగు సంఘాల వేడుకల్లో పిల్లలకు పెద్ద కథకుడి పాత్ర ఇస్తాం. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు డైలాగులు బట్టీ పట్టించి మైకు ముందు నిలబెడతాం. చప్పట్లు బాగానే పడతాయి, మర్నాటికి మాటలు మాత్రం మిగలవు. తెలుగు అంతగా రాని పిల్లకు ముందు ఇవ్వాల్సింది వంత పాత్ర. మొదట ఊ కొట్టడం, ఆ తర్వాత ఎందుకని అడగడం, ఆ పైన వేషం.

ఏడు చేపల కథ చూడండి. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు అడ్డం, గడ్డి అట్లా ఉండిపోవడానికి ఆవు మేయకపోవడం కారణం. పసులకాపరి, వాడికి బువ్వ పెట్టని అవ్వ, ఏడ్చే పిల్ల దాటి చివరికి చీమ దగ్గర తేలుతుంది. అడిగే తీరు ఒక్కటే, క్రియ మాత్రం మారుతుంది: ఎండలే, మెయ్యలే, మేపలే, పెట్టలే. వ్యాకరణం పేరెత్తకుండానే పిల్ల నోట్లో అది కుదురుకుంటుంది. ఇంట్లో అమ్మమ్మ ‘ఎండలే’ అంటే పిల్లనూ అట్లాగే అననివ్వాలి. ‘ఎండలేదు’ పుస్తకంలో తర్వాత ఎదురవుతుంది. గడ్డిమోపుగా నిలబడడానికి ఒక్క మాటా అక్కర్లేదు కాబట్టి సిగ్గరి పిల్లకూ చోటుంది. చీమ వేషానికి మాత్రం కొట్లాట తప్పదు, వంతులు వేసుకోవాలి.

తరగతిలో కథను ఇంత గట్టిగా నమ్మినవాడు గుజరాత్‌కు చెందిన విద్యావేత్త గిజుభాయి. 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. ఆయన రాసిన ‘పగటికల’ పుస్తకంలోని ఉపాధ్యాయుడు మౌనంగా కూర్చునే ఆట ఆడించబోతే పిల్లలు గోల చేస్తారు. మర్నాడు కథ మొదలుపెట్టగానే వాళ్లే దగ్గరికి జరుగుతారు.

కథ చెప్పడం దగ్గరే మనం ఆగకూడదు. డల్లాస్‌లో పుట్టిన పిల్ల పసులకాపరిని చూసి ఉండదు. ఆవుకు బదులు గడ్డి కోసే మిషన్‌ను తెస్తానంటే తేనివ్వండి. అందులో పెట్రోలు ఎందుకు పొయ్యలేదో అడగడానికి పక్కన ఇంకో పిల్లాడుంటే చాలు.