ఖుబానీ తింటే రక్తం పడుతుందా?

ఆ మధ్య మన ఆసుపత్రి కాన్పుల వార్డులో ఏడో నెల గర్భిణి ఒకామె చేరింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములు ఉంది. గర్భిణికి కనీసం 11 ఉండాలి. "ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగితే ఆ అమ్మాయి తల వంచుకుంది. జవాబు అత్తగారు చెప్పింది.

"అవి వేసుకుంటే దొడ్డికి నల్లగా పోతాంది, గట్టిగా పోతాంది సిస్టరమ్మా. అందుకే నేనే మానిపించినా. మా పెద్దోడు కువైట్ నుంచి ఇవి పంపినాడు. తింటే రక్తం బాగా పడుతుందంట" అంటూ సంచిలోంచి ఒక పొట్లం తీసింది. గోధుమ రంగులో, ముడతలు పడి, పెద్ద రేగుపండు ఎండినట్టు ఉన్నాయి. ఖుబానీ పండ్లు.

మాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ కోడలి కోసం దాచి తెచ్చిన పండ్లు అవి. వాటిని తీసి పక్కన పెట్టమనడానికి నోరు రాలేదు, నిజానికి ఆ అవసరం కూడా లేదు. ఖుబానీ మంచి పండే. అయితే అది ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకుని తినాలి.

ఈ పండు ఎక్కడిది?

ఇంగ్లీషులో ఆప్రికాట్ అంటారు. మన ముస్లిం సోదరుల ఇళ్ళలో ఖుబానీ అనే మాటే వాడుక. హైదరాబాదు పెళ్ళి విందుల్లో వడ్డించే 'ఖుబానీ కా మీఠా' ఈ ఎండు పండ్లతో చేసేదే. చెట్టుకు చలి కావాలి కనుక మన ఎండలకు ఇక్కడ కాయదు. మన దేశంలో లడఖ్‌లో ఎక్కువగా పండుతుంది, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో కూడా ఉంది. ప్రపంచంలో ఎండు ఖుబానీకి పేరున్న ఊరు టర్కీలోని మలాత్యా. పచ్చి పండు తొందరగా మెత్తబడి పాడవుతుంది కనుక మన దాకా అరుదుగా వస్తుంది. నంద్యాల, తాడిపత్రి బజార్లలో మనం చూసేది ఎండుదే.

బైబిలులో సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో వెండి పళ్ళెంలోని బంగారు పండ్ల ప్రస్తావన ఉంది కదా. పాలస్తీనా అంతా తిరిగి అక్కడి చెట్లను, పక్షులను పరిశీలించిన ట్రిస్ట్రమ్ అనే ఇంగ్లీషు పాదిరి 19వ శతాబ్దంలో ఆ పండు ఆప్రికాటే అయి ఉంటుందన్నాడు. కాదు, ఆపిలే అన్నవారూ ఉన్నారు. అది పండితులు తేల్చుకోవలసిన విషయం.

లెక్క వేసి చూద్దాం

మేము ఆ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని వేసిన లెక్కే ఇక్కడ వ్రాస్తున్నాం. 100 గ్రాముల ఎండు ఖుబానీలో ఇనుము సుమారు 2.7 మిల్లీగ్రాములు. గింజ తీసేస్తే ఒక్కో పండు 7, 8 గ్రాములు తూగుతుంది. అంటే రోజుకు ఐదు పండ్లు తిన్నా చేరేది ఒక్క మిల్లీగ్రాము. మన దేశపు పోషకాహార లెక్కల ప్రకారం (2020) వయసులో ఉన్న స్త్రీకి రోజుకు ఆహారంలో కావలసిన ఇనుము 29 మిల్లీగ్రాములు. ప్రభుత్వం గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక్క మాత్రలో ఉన్నంత ఇనుము ఖుబానీలలో కావాలంటే రెండు కిలోలకు పైగా తినాలి!

"రెండు కేజీలా! ఈ పొట్లం అరకేజీ కూడా లేదే" అని ఆమె నవ్వేసింది. ఆ నవ్వుతో సగం పని అయిపోయింది.

ఈ విషయాన్ని మేము తేలిగ్గా తీసుకోలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 63.2. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. బిడ్డ నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టవచ్చు.

మాత్ర వేసుకుంటే దొడ్డికి నల్లగా పోవడం సహజం. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము బయటికి పోవడమే అది. దానికి భయపడనక్కరలేదు. మాత్రను టీతో, కాఫీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. నిమ్మరసంతోనో, ఒక జామపండుతోనో వేసుకుంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. వికారంగా ఉంటే రాత్రి పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. మానేయడం మాత్రం వద్దు.

మరి ఖుబానీ వల్ల లాభం లేదా?

ఉంది. ఆ కోడలికి అసలు లాభం జరిగింది ఎక్కడంటే, మలబద్ధకంలో. 100 గ్రాముల ఎండు ఖుబానీలో 7 గ్రాములకు పైగా పీచు ఉంటుంది. దానితోపాటు సార్బిటాల్ అనే ఒక రకం చక్కెర ఉంటుంది. అది ప్రేగుల్లోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది. ఐరన్ మాత్రల వల్ల గట్టిగా పోతోందని కదా మానిపించారు! అందుకని రోజూ రాత్రి మూడు పండ్లు కడిగి గ్లాసు నీళ్ళలో నానవేసి, పొద్దున్నే గింజ తీసి తిని, ఆ నీళ్ళు కూడా తాగమన్నాం. నాలుగు రోజుల్లో ఇబ్బంది తగ్గింది. అంటే ఆ పండ్లు రక్తాన్ని పట్టించలేదు గాని, రక్తాన్ని పట్టించే మాత్రను మానకుండా చేశాయి.

ఇక విటమిన్-ఎ. ఆ పసుపు, నారింజ రంగంతా బీటా కెరోటిన్. మన శరీరం దాన్ని విటమిన్-ఎగా మార్చుకుంటుంది. అది తగ్గితే రేచీకటి వస్తుంది, కన్ను పొడిబారుతుంది, పిల్లలు అస్తమానం జబ్బు పడతారు. పొటాషియం కూడా ఇందులో చాలా ఎక్కువ, 100 గ్రాముల ఎండు పండ్లలో 1,100 మిల్లీగ్రాములు దాటుతుంది. రక్తపోటు ఉన్నవారికి, మూత్రపిండాలు బాగుంటే, అది మంచిదే. పచ్చి పండులో కొద్దిగా ఉండే విటమిన్-సి ఎండబెట్టేసరికి దాదాపు పోతుంది.

అయితే బిడ్డ కళ్ళ కోసం కువైట్ పొట్లానికి ఎదురుచూడాల్సిన పని లేదు. కొలిమిగుండ్లలో ఏ పెరట్లో చూసినా మునగచెట్టు ఉంటుంది. మునగాకులో విటమిన్-ఎ ఖుబానీ కంటే ఎక్కువ, ఇనుము కూడా ఎక్కువే. తోటకూర, తీపి గుమ్మడి, బొప్పాయి, ఎండాకాలంలో మామిడి అన్నీ ఈ పని చేసేవే. ఆకుకూరను కాస్త నూనెతో వండాలి, నూనె లేకపోతే కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు. జామపండులో విటమిన్-సి 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాములు. ఆ విషయంలో ఎండు ఖుబానీ దాని దరిదాపులకు రాదు. (ఆరేడు నెలల గర్భిణి పండిన బొప్పాయి తింటే ఏమవుతుందోనని భయపడుతుంటారు. బాగా పండినదైతే తినవచ్చు, పచ్చికాయ మాత్రం వద్దు.)

నూరేళ్ళ ఆయుష్షు కథ

ఖుబానీ తింటే 120 ఏళ్ళు బ్రతుకుతారని, క్యాన్సరు రాదని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. ఈ కథ మొదలైంది కాశ్మీరుకు ఉత్తరాన, ఇప్పుడు పాకిస్తాన్ అధీనంలో ఉన్న హుంజా లోయ నుంచి. మెకారిసన్ అనే ఐరిష్ డాక్టరు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ ప్రాంతంలో పనిచేసి, హుంజా ప్రజలు దృఢంగా ఉన్నారని వ్రాశాడు. వాళ్ళు గోధుమ రొట్టె, కూరలు, పాలు, ఖుబానీలు తినేవారు. తర్వాత వచ్చిన వాళ్ళు రొట్టెను, కూరలను వదిలేసి ఒక్క ఖుబానీని పట్టుకున్నారు. నూరేళ్ళు దాటారన్న ఆ ముసలివాళ్ళకు పుట్టినతేదీ వ్రాసిన కాగితం ఏదీ లేదు.

ఆ మెకారిసనే 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు వచ్చింది. కూనూరులో ఆయన ఎలుకలకు వేరువేరు ప్రాంతాల భోజనం పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పప్పు, పాలు, కూరలు ఉన్న పంజాబు సిక్కుల భోజనం తిన్నవి బాగా పెరిగాయి. పాలిష్ పట్టిన బియ్యం ప్రధానంగా ఉన్న మద్రాసు భోజనం తిన్నవి అన్నిటికంటే వెనకబడ్డాయి. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, శెనక్కాయల ఊరుబిండి తిని పెరిగిన మనవాళ్ళు మూడు పూటలా తెల్లన్నానికి అలవాటు పడుతుంటే మాకు ఆ ఎలుకలే గుర్తుకొస్తాయి.

గింజలోని పప్పు జాగ్రత్త

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఆ అత్తగారు మాటల మధ్యలో, "గింజలు పారేయలేదులే సిస్టరమ్మా, పగలగొట్టి పప్పు డబ్బాలో పెట్టినా. బాదంపప్పు మాదిరే ఉంటుంది. మా పెద్దోని కొడుకు ఉన్నాడు గదా, నాలుగేండ్లు, వానికి పెడదామని" అంది. మేము లేచి నిలబడ్డాం.

ఖుబానీ పప్పు చేదుగా ఉంటే అందులో అమిగ్డాలిన్ అనే పదార్థం ఉన్నట్టు. నమిలి మింగితే అది కడుపులో సైనైడ్ అనే విషాన్ని వదులుతుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో లెక్కగట్టి చెప్పింది ఏమిటంటే, పెద్దవారు ఒకేసారి మూడు చిన్న పచ్చి పప్పులకు మించి తింటే ప్రమాదపు గీత దాటినట్టే. చిన్నపిల్లలకు ఒక్క పప్పు కూడా ఎక్కువే. లడఖ్‌లో రక్‌త్సే కార్పో అని తీపి పప్పు ఉండే రకం ఉంది, 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హైదరాబాదు మీఠా మీద చల్లేది అలాంటి తీపి పప్పే అయి ఉండాలి. కానీ పొట్లంలో ఉన్నది ఏ రకమో పైకి తెలియదు. పిల్లవాడు తిని తలనొప్పి, వాంతులు, మగత, ఆయాసం, ఫిట్స్ ఏది కనిపించినా ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఈ అమిగ్డాలిన్‌నే 'లేట్రిల్' అని, 'విటమిన్ బి-17' అని పేరు పెట్టి క్యాన్సరు మందుగా అమ్మారు. అది విటమిన్ కాదు. అమెరికాలో 178 మంది క్యాన్సరు రోగులకు ఇచ్చి చూసి 1982లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు ఎవరికీ నయం కాలేదు, కొందరి రక్తంలో సైనైడ్ మాత్రం ప్రమాదకరంగా పెరిగింది. కీమోథెరపీ మానేసి పప్పు తింటామని ఎవరైనా అంటే, దయచేసి ముందు మా దగ్గరికి తీసుకురండి.

ఎవరు తగ్గించుకోవాలి?

ఎండు ఖుబానీ బరువులో సగానికి పైగా చక్కెరే. షుగరు ఉన్నవారు రెండు పండ్లతో సరిపెట్టుకోవాలి, మీఠా జోలికి పోకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, ముఖ్యంగా డయాలసిస్ చేయించుకుంటున్నవారు డాక్టరుగారిని అడగకుండా ఒక్కటి కూడా తినవద్దు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. నిగనిగలాడే నారింజ రంగు పండ్లకు గంధకపు పొగ పట్టించి ఉంటారు. అది ఆస్తమా ఉన్నవారికి ఆయాసం తెప్పించవచ్చు. నాపరాళ్ళ గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో దుమ్ము పీల్చి ఇప్పటికే ఆయాసంతో మా ఓ.పి.కి వచ్చేవారు గోధుమ రంగు పండ్లనే కొనుక్కోవడం మంచిది.

ఆ కోడలికి డాక్టరమ్మ రోజుకు రెండు మాత్రలు రాశారు. ఆరు వారాల తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర దాటింది. వెంట వచ్చిన అత్తగారు సంచిలోంచి ఒక చిన్న స్టీలు డబ్బా తీసి మా బల్ల మీద పెట్టింది. "ఇంట్లో ఉంటే పిల్లోడు ఎప్పుడో ఒకప్పుడు తీస్తాడు, మీరే పారేయండి సిస్టరమ్మా" అంది. పప్పులు పారేసి, డబ్బా కడిగి, పెరట్లో జామచెట్టు నుంచి నాలుగు కాయలు కోసి అందులో పెట్టి ఇచ్చాం.