‘గ్లీ’: బడిలో పాడిన పాట మీద ఇంత వాదన ఎందుకు?

పదో తరగతి పరీక్షలు అయిపోగానే పిల్లల చేతికి ఫోన్ వస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఏదో ఒక మూల నుంచి ఇంగ్లీషు పాట, వెంటనే నవ్వు వినిపిస్తాయి. "ఏం చూస్తున్నావు బేటా?" అని అమ్మీ అడిగితే, "స్కూల్ సీరియల్, అందులో అందరూ పాడతారు" అని సగం జవాబు వస్తుంది. మిగతా సగం స్నేహితులకి. ఆ పాట ఆ అమ్మాయికి ఇవ్వడం న్యాయమేనా, ఆ అబ్బాయిని ఎందుకు పక్కన పెట్టారు అని వాళ్ల మధ్య గంటల తరబడి వాదన నడుస్తుంది.

అలాంటి వాదనలు అందరికంటే ఎక్కువగా పుట్టించిన సీరియల్ పేరు ‘గ్లీ’. 2015లోనే అయిపోయినా దాని అభిమానులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ల మాటలు కాస్త ఓపికగా వింటే ఒక సంగతి తెలుస్తుంది. అది రాగం గురించో తాళం గురించో జరిగే గొడవ కాదు. అవకాశం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదే అసలు ప్రశ్న. ఒక్క మాటలో చెప్పాలంటే ఇన్సాఫ్.

కథ ఏమిటి?

అమెరికాలో స్కూళ్లలోనూ కాలేజీల్లోనూ పాటలు పాడే బృందాన్ని ‘గ్లీ క్లబ్’ అంటారు. ‘గ్లీ’ అనేది వెనకటికి ఇంగ్లండులో ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి వేర్వేరు స్వరాల్లో పాడే ఒక రకం పాటకి పేరు. సీరియల్‌కి ఆ పేరే పెట్టారు.

కథ ఒహాయో రాష్ట్రంలోని లైమా అనే ఊళ్లో జరుగుతుంది. ఊరు నిజమైనదే, అందులో చూపించే విలియం మెకిన్లీ హైస్కూల్ మాత్రం కల్పితం. అక్కడ స్పానిష్ పాఠాలు చెప్పే విల్ షూస్టర్ అనే మాస్టారు మూతపడబోతున్న పాటల బృందాన్ని మళ్లీ నిలబెడతాడు. బడిలో ఎవరూ పట్టించుకోని పిల్లలే అందులో చేరతారు. వాళ్లు వరండాలో నడుస్తుంటే మిగతా పిల్లలు ముఖాన రంగు ఐసునీళ్లు కొడతారు. చీర్‌లీడర్ల కోచ్ సూ సిల్వెస్టర్ అయితే ఆ బృందాన్ని ఎలాగైనా మూయించాలని ప్రతి వారం కొత్త ఎత్తు వేస్తుంది. కామెడీ ఎక్కువగా ఆమె దగ్గరే పుడుతుంది. ఆ పాత్ర వేసిన జేన్ లించ్‌కి 2010లో ఎమ్మీ అవార్డు వచ్చింది.

ర్యాన్ మర్ఫీ, బ్రాడ్ ఫాల్చక్, ఇయాన్ బ్రెన్నన్ అనే ముగ్గురు దీన్ని తయారు చేశారు. ఫాక్స్ చానెల్లో 2009 మే 19న మొదటి భాగం వచ్చింది. 2015 మార్చి 20న చివరిది. మొత్తం ఆరు సీజన్లు, 121 భాగాలు. భారతదేశంలో స్టార్ వరల్డ్ చానెల్లో వచ్చేది.

పాటలు ఎలా చేసేవాళ్లు?

తెలుగు సినిమాలో తెర మీద పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది. గ్లీలో నటులే సొంత గొంతుతో పాడేవాళ్లు. ముందు స్టూడియోలో పాట రికార్డు చేసుకుని, తర్వాత సెట్లో ఆ రికార్డు పెట్టుకుని పెదవులు కదుపుతూ డ్యాన్స్ చేసేవాళ్లు. పాటలు ఎక్కువ భాగం కొత్తవి కావు, జనానికి ముందే తెలిసినవి. వాటి హక్కులు తీసుకుని, కొత్త వరసలో పేర్చి పాడించేవాళ్లు. కంప్యూటర్‌తో గొంతు మరీ ఎక్కువగా దిద్దుతున్నారని అప్పట్లో విమర్శ కూడా ఉండేది.

సీరియల్లో పాడిన పాటలని ఆ వారమే అమ్మకానికి పెట్టేవాళ్లు. దాంతో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ఈ బృందం పాటలు వరసగా ఎక్కాయి. ఆ పట్టికలో ఎల్విస్ ప్రెస్లీ పేరిట 108 పాటలు ఉండేవి. 2011 ఫిబ్రవరిలో గ్లీ బృందం ఆ లెక్కని దాటేసింది. చివరికి 207 దగ్గర ఆగింది.

వాదన 1: పాట ఎవరికి ఇచ్చారు?

అభిమానుల గొడవల్లో అన్నిటికంటే పాతది ఇదే. బృందంలో రేచల్ బెర్రీ అనే అమ్మాయికి దాదాపు ప్రతిసారీ ముందు వరస దక్కుతుంది. మెర్సిడెస్ జోన్స్ అనే నల్లజాతి అమ్మాయి గొంతు ఏ మాత్రం తక్కువది కాదు. కానీ ఆమెకి చాలాసార్లు చివరి స్వరం ఎత్తుకునే పని మాత్రమే మిగులుతుంది.

2011 అక్టోబరు 4న వచ్చిన ‘ఏషియన్ ఎఫ్’ అనే భాగంలో ఈ విషయం బయటపడింది. స్కూల్ నాటకంలో కథానాయిక వేషం ఇద్దరూ పంచుకోమంటారు. మెర్సిడెస్ ఒప్పుకోదు, బృందం వదిలి వెళ్లిపోతుంది. ఆమె చేసింది పొగరు అని కొందరు, అన్నాళ్లు ఓర్చుకుంది కదా అని కొందరు. ఇంకొందరు ఇంకో అడుగు ముందుకు వెళ్లి, తప్పు పాత్రలది కాదు, కథ రాసినవాళ్లదే అన్నారు. ప్రతిభ ఉందని అందరూ ఒప్పుకుంటున్నా ముందుకి రానివ్వకపోతే ఆ పిల్ల ఎంతకాలం వేచి ఉండాలి? సీరియల్ పేరు కూడా తెలియనివాళ్లకి సైతం ఈ ప్రశ్న అర్థమవుతుంది.

వాదన 2: మార్కులా, ఇష్టమా?

అదే భాగంలో ఇంకో కథ ఉంది. ఆసియా నుంచి వెళ్లిన కుటుంబంలోని అబ్బాయి మైక్ చాంగ్‌కి కెమిస్ట్రీలో ‘ఏ మైనస్’ వస్తుంది. మామూలుగా అది మంచి గ్రేడే. కానీ ఆ కుటుంబాల్లో దాన్ని ఫెయిల్ కింద లెక్కేస్తారన్న వేళాకోళంతోనే ఆ భాగానికి ఆ పేరు పెట్టారు. కొడుకు హార్వర్డ్‌లో చదవాలన్నది తండ్రి కోరిక. డ్యాన్స్ మానేయమంటాడు. తల్లి మాత్రం తను కూడా ఒకప్పుడు డ్యాన్సర్ అవ్వాలనుకున్నానని కొడుక్కి మెల్లగా చెప్తుంది. తర్వాత కొన్ని భాగాలకి, పోటీలో కొడుకు డ్యాన్స్ కళ్లారా చూశాక తండ్రి మెత్తబడతాడు.

ఈ తండ్రిని దుర్మార్గుడిగా చూపించారని కొందరు అభిమానులకి కోపం. వలస వెళ్లి కష్టపడినవాడికి పిల్లవాడి చదువే కదా భరోసా అని వాళ్ల మాట. రాజమండ్రి నుంచి భీమవరం దాకా ఇంటర్ కాలేజీల ఫీజులు కట్టే ఏ తల్లిదండ్రులకైనా ఈ తండ్రి కొత్తవాడు కాదు.

వాదన 3: పాట చేసినవాడి పేరు ఏది?

2013 జనవరిలో గొడవ సీరియల్ దాటి బయటికి వచ్చింది. జొనాథన్ కోల్టన్ అనే గాయకుడు 1992 నాటి ఒక ర్యాప్ పాటకి పూర్తిగా కొత్త వరస కట్టి, 2005లో మెత్తగా, గిటార్ మీద పాడుకునే పాటలా మార్చాడు. గ్లీలో అచ్చం అదే వరస వినిపించింది. అతను తన పేరు పెట్టుకుని మార్చుకున్న మాట కూడా అలాగే ఉండిపోయింది. కానీ అతని పేరు ఎక్కడా వేయలేదు, అనుమతీ అడగలేదు.

ఇక్కడ చట్టం ఒక చిక్కు పెట్టింది. పాత పాటని మళ్లీ పాడుకోవడానికి లైసెన్స్ తీసుకుంటే, హక్కు అసలు పాట రాసినవాళ్లదే. కొత్త వరస కట్టినవాడికి విడిగా హక్కు దక్కడం కష్టం. అతని పాటకి ప్రచారం వచ్చింది కదా, సంతోషించాలి అన్నట్టు అటువైపు నుంచి జవాబు వచ్చిందని కోల్టన్ చెప్పాడు. అతను కోర్టు మెట్లు ఎక్కలేదు. తన పాటనే ‘గ్లీ పద్ధతిలో’ అని మళ్లీ అమ్మకానికి పెట్టి, వచ్చిన డబ్బు సేవా సంస్థలకి ఇచ్చాడు. గ్లీ అభిమానుల్లోనే చాలామంది అతని పక్షాన మాట్లాడారు. ఇష్టమైన సీరియల్ అయినా సరే, తప్పు తప్పే అన్నారు.

వాదన 4: చక్రాల కుర్చీ

బృందంలో ఆర్టీ అనే అబ్బాయి చక్రాల కుర్చీలో ఉంటాడు. 2009 నవంబరులో వచ్చిన ‘వీల్స్’ అనే భాగంలో పోటీకి వెళ్లే బస్సులో అతని కుర్చీ ఎక్కదు. కుర్చీ ఎక్కే బస్సు కోసం పిల్లలంతా కేకులు చేసి అమ్ముతారు. చాలామంది మెచ్చుకున్నారు. అయితే ఆ పాత్ర వేసిన కెవిన్ మెక్‌హేల్‌కి నిజంగా వైకల్యం లేదు. ఆ వేషం వైకల్యం ఉన్న నటుడికే ఇచ్చి ఉండాల్సింది కదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. అదే భాగంలో బెకీ అనే అమ్మాయిగా పరిచయమైన లారెన్ పాటర్‌కి మాత్రం నిజంగానే డౌన్ సిండ్రోమ్ ఉంది. ఆమె తర్వాత సీజన్లలోనూ కొనసాగింది.

ప్రిన్సిపాల్ కుర్చీలో కరాచీ మనిషి

ఈ బడి ప్రిన్సిపాల్ ఫిగ్గిన్స్. ఎప్పుడూ నిధులు లేవనే మాట, అటు సూకీ ఇటు విల్‌కీ మధ్య నలిగిపోయే మనిషి. మైక్ తండ్రి మార్కుల కాగితం పట్టుకుని వచ్చింది ఈయన గదికే. ఆ పాత్ర వేసిన ఇక్బాల్ థేబా కరాచీలో పుట్టాడు. అమెరికా వెళ్లి ఓక్లహామా విశ్వవిద్యాలయంలో నిర్మాణ రంగానికి సంబంధించిన ఇంజనీరింగ్ చదివాడు. డిగ్రీ చేతికి వచ్చాకే నటన వైపు తిరిగాడు. ఆ గదిలో మార్కుల కోసం కొడుకుని నిలదీసే తండ్రి మాటలు వింటూ కూర్చున్న నటుడు, తన జీవితంలో అదే దారి దాటి వచ్చినవాడన్నమాట.

అమెరికా టీవీలో ముస్లిం పేరున్న నటులకి చాలాకాలం ఉగ్రవాది వేషమో టాక్సీ డ్రైవర్ వేషమో వచ్చేది. గ్లీలో ఆయనకి దక్కింది బడి పెద్ద పాత్ర. నవ్వించే పాత్రే గానీ, ఆయన మతం మీదో దేశం మీదో కథ నడవదు.

గోదావరి ఒడ్డున ఇలాంటి గది

బడి మాస్టారు ఒక బృందం కట్టడం, ఎవరూ పట్టించుకోని పిల్లవాడికి అందులో చోటు దొరకడం గోదావరి జిల్లాలకి కొత్త కథ కాదు. ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకుని చదివించిన ఒక తల్లి ఉండేది. ఆ పిల్లవాణ్ణి చేరదీసిన మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. ఆయనకి నాటకాల పిచ్చి. రాజమండ్రి వస్తూ ఆ పిల్లవాణ్ణి కూడా వెంట తెచ్చారు. ఆ నాటక బృందం కోసమే చిలకమర్తి లక్ష్మీనరసింహం 1889లో ‘కీచకవధ’ రాశారు. ఆ బృందంలో వేషాలు వేస్తూ చదువుకున్న ఆ పిల్లవాడు తర్వాత లాయరయ్యాడు, రాజమండ్రి మున్సిపల్ చైర్మన్ అయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయనే టంగుటూరి ప్రకాశం.

ఇంకా దగ్గరి ఉదాహరణ నటుడు అలీ. రాజమండ్రిలో ఒక దర్జీ ఇంటి పిల్లవాడు. అదే ఊళ్లో జిత్‌మోహన్ మిత్రా నడిపిన సంగీత బృందంలో చిన్నప్పుడే వేదిక ఎక్కాడు. 1981లో ‘సీతాకోకచిలుక’ సినిమాలో పిల్లవాడిగా కనిపించి తెలుగు జనానికి తెలిసిపోయాడు. ఆ ఊళ్లో ఆ బృందం లేకపోతే, అందులోకి రానిచ్చే పెద్దమనిషి లేకపోతే ఆ పిల్లవాడి దారి ఎటు పోయేదో ఎవరు చెప్పగలరు?

ఇంట్లో పెద్దలు తెలుసుకోవాల్సింది

గ్లీ చిన్నపిల్లల సీరియల్ కాదు. అందులో టీనేజీ ప్రేమలు, పెళ్లి కాకుండానే గర్భం, తాగుడు, స్వలింగ సంబంధాలు కథలో భాగంగానే వస్తాయి. పాత్రలు వాడే మాటలు కొన్ని గరుకుగా ఉంటాయి. ఎనిమిదో తరగతి పిల్లకీ ఇంటర్ పిల్లకీ ఒకే లెక్క కుదరదు. ఇక సంగీతం విషయంలో ముస్లిం కుటుంబాలన్నిటికీ ఒకే పద్ధతి లేదు. ఒక ఇంట్లో ఖవ్వాలీ వింటారు, ఇంకో ఇంట్లో వాయిద్యం లేని నాత్ వరకే. ఏ ఇంటి నియమం ఆ ఇంటిది.

చూడనివ్వాలా వద్దా అన్నది పెద్దల నిర్ణయమే. కానీ ఫోన్ లాక్కునే ముందు ఒక ప్రశ్న అడగడం మంచిది: "దీంట్లో నీకు ఎవరికి అన్యాయం జరిగిందనిపించింది?" పిల్ల చెప్పే జవాబులో సీరియల్ కంటే తన బడి సంగతులే ఎక్కువ ఉండొచ్చు. యానివర్సరీలో పాట పాడతానంటే పేరు రాసుకోలేదనో, వేషం ముందే ఎవరికో ఇచ్చేశారనో, తన ఉచ్చారణ విని క్లాసులో నవ్వారనో. ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టి ఇన్నాళ్లూ ఆ మాటలు స్నేహితుల దగ్గరే ఆగిపోయి ఉంటాయి.