తొడల కొవ్వు ఆఖరున ఎందుకు కరుగుతుంది?

దివిసీమలో వేసవికాలం గడిపినవారికి మంచినీటి చెరువుల సంగతి చెప్పనక్కరలేదు. సముద్రం దగ్గర కావటంచేత అక్కడ చాలా ఊళ్ళలో భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. కనుక కాలువలు కట్టివేయకముందే కృష్ణ నీటితో ఊరి చెరువు నింపుకుంటారు. మళ్ళీ కాలువ వచ్చేదాకా ఆ నీరే ఆధారం. ఆ చెరువులో రేవు దగ్గర నిలబడి ఎన్ని బిందెలు ముంచినా రేవు దగ్గర మాత్రమే నీరు తగ్గదు, చెరువంతటా తగ్గుతుంది. అయితే అన్నిచోట్లా నేల ఒకేసారి బయటపడదు. గట్టువార మెరక ముందు ఎండుతుంది. నడుమనున్న లోతు గుంట అన్నిటికన్నా ఆఖరున ఎండుతుంది.

మన శరీరంలో నిలవ ఉండే కొవ్వు కూడ ఇంచుమించు ఇటువంటిదే. ఈ పోలికను దగ్గర ఉంచుకుంటే, బాలికలు ఉపాధ్యాయురాలిని అడిగే, లేదా అడగలేక మనసులో పెట్టుకొనే ఒక ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. ముఖం చిక్కింది, చేతులు చిక్కాయి, తొడల వెలుపలి వైపున ఉన్న కొవ్వు మాత్రం కదలటం లేదు, కారణమేమిటి అన్నది ఆ ప్రశ్న. ఇది చిన్న ప్రశ్న అని తోసివేయరాదు. సరైన జవాబు దొరకనప్పుడు, గుడివాడ అయినా బందరు అయినా, పదవ తరగతి పిల్ల చేసే మొదటి పని రాత్రి అన్నం మానివేయటం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఇటువంటి దేశంలో ఎదిగే పిల్ల పస్తు ఉండటం తేలికగా తీసుకోవలసిన విషయం కాదు.

మొదట కొవ్వు 'కరగటం' అంటే ఏమిటో చూద్దాం. ఈ మాట మనలను కొంచెం మోసగిస్తుంది. వెన్న కరిగినట్లు శరీరంలో కొవ్వు కరిగి ఎక్కడికో కారిపోదు. చెమటగా బయటికి రాదు. అది దహనమవుతుంది. తరగతిలో ఒక ప్రమిదలో నేతి దీపం వెలిగించి, మంటకు కొంచెం పైన చల్లని ఇత్తడి గిన్నె పట్టుకోండి. గిన్నె అడుగున సన్నని ఆవిరి పొర పట్టటం ముందు కనిపిస్తుంది. ఆ దీపం మీద ఒక గాజు పాత్ర బోర్లించి, అది ఆరిపోయిన తరువాత పాత్రలో తేట సున్నపునీరు పోసి కుదిపితే అది పాలవలె తెల్లబడుతుంది. నెయ్యి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారిందన్నమాట. శరీరంలో మంట లేదు, ఎంజైములు మెల్లగా ఈ పనినే చేస్తాయి. 2014లో ఆస్ట్రేలియాకు చెందిన మీర్మన్, బ్రౌన్ అనేవారు లెక్క కట్టి చూపించారు: 10 కిలోల కొవ్వు పూర్తిగా దహనం కావటానికి 29 కిలోల ప్రాణవాయువు కావాలి, చివరకు 28 కిలోల బొగ్గుపులుసు వాయువు, 11 కిలోల నీరు వస్తాయి. తగ్గిన కొవ్వులో ఎక్కువ భాగం మన ఊపిరితోనే బయటికి పోతున్నది. సున్నపునీటిలోకి గొట్టంతో ఊదే పిల్లవాడు నిన్నటి నెయ్యినే ఊదుతున్నాడేమో!

ఈ దహనం ఎంత నెమ్మదిగా సాగుతుందో తెలియటానికి మన రైలు మార్గమే చాలు. గుడివాడ నుంచి మచిలీపట్నానికి సుమారు 37 కిలోమీటర్లు. అరవై కిలోల మనిషి ఒక కిలోమీటరు నడిస్తే సుమారు 50 కేలరీలు ఖర్చవుతాయి. శరీరంలోని ఒక కిలో కొవ్వు పొరలో 7,700 కేలరీల శక్తి ఉంటుందని అంచనా. అనగా గుడివాడ నుంచి పెడన మీదుగా బందరు దాకా నడిచి, తిరిగి నడిచి వచ్చి, మళ్ళీ అదే ప్రయాణం చేస్తే ఒక కిలోకు దగ్గరకు వస్తాం. దారిలో బందరు లడ్డు ముట్టకూడదని వేరే చెప్పాలా? ఆ కిలో అయినా ఒంటిమీద పలుచోట్ల నుంచి కొంచెం కొంచెంగా వస్తుందిగాని, మనం కోరిన చోటునుంచి రాదు.

ఇక్కడనే చాలామంది పొరపడుతారు. తొడలకు పని చెబితే తొడల కొవ్వు పోతుందని అనుకోవటం సహజమే. పామర్రు దగ్గరి కూచిపూడిలో నాట్యం నేర్చేవారిని చూడండి. మోకాళ్ళు వెలుపలికి తిప్పి సగం కూర్చునే అరమండిలో గంటలకొద్దీ సాధన చేస్తారు. వారి తొడ కండరాలు గట్టిపడి బలిష్ఠమవుతాయి. కాని కండరం వేరు, దానిపై చర్మం కింద ఉన్న కొవ్వు వేరు. కండరం తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను పక్కనే ఉన్న పొర నుంచి నేరుగా లాక్కోదు. ముఖ్యంగా రక్తం తెచ్చిపెట్టినవాటిని వాడుకుంటుంది. రక్తంలోకి వాటిని ఏ భాగం విడుదల చేసిందన్నది హార్మోనుల వ్యవహారం.

ఈ మాట పరీక్షకు నిలిచిందా? 1971లో అమెరికాలో గ్విన్అప్ అనే వైద్యుడు, ఆయన సహచరులు టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతులను పోల్చి చూశారు. ఆడే చెయ్యి, ఆడని చెయ్యి ఒకే మనిషివి; తిండి ఒకటే, వయస్సు ఒకటే. ఇంతకంటె మంచి పోలిక దొరకటం కష్టం. ఆడే చెయ్యి లావుగా ఉన్నది, కాని అది కండ. చర్మాన్ని మడతపట్టి కొలిస్తే కొవ్వు పొర మందం రెండు చేతులకూ ఒకటే! 1984లో కాచ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు పదముగ్గురు పురుషులచేత 27 రోజుల్లో, ఒక్కొక్కరిచేత 5,004 సార్లు, వెల్లకిల పడుకొని లేచి కూర్చునే కసరత్తు చేయించారు. సూదితో పొట్ట, వీపు, పిరుదుల నుంచి కొవ్వు తీసి కణాలను కొలిచారు. కణాలు కొంచెం చిన్నవయ్యాయి, కాని మూడుచోట్లా ఒకే తీరుగా. రేవు దగ్గర ముంచినా నీరు చెరువంతటా తగ్గినట్లే.

ఇక లోతు గుంట సంగతి. తొడల కొవ్వు ఎందుకు మొండిదయింది?

కొవ్వు కణాన్ని ఒక గాదె అనుకోండి. ఉపవాసంలోనో, వ్యాయామంలోనో శరీరానికి ఇంధనం కావలసివచ్చినప్పుడు ఎడ్రినలిన్, దానికి దగ్గరి బంధువైన నారెడ్రినలిన్ వచ్చి గాదె తలుపు తడతాయి. అయితే ఈ తలుపుమీద రెండు రకాల గ్రాహకాలున్నాయి. ఎడ్రినలిన్ వంటి పదార్థాలకు ఆల్ఫా, బీటా అని రెండు జాతుల గ్రాహకాలున్నాయని 1948లో ఆల్క్విస్ట్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. కొవ్వు కణంలో బీటా గ్రాహకాన్ని తాకితే గాదె తెరుచుకుంటుంది. కొవ్వు, గ్లిసరాల్‌గాను కొవ్వు ఆమ్లాలుగాను విడిపోయి రక్తంలోకి వస్తుంది. ఆల్ఫా-2 అనే గ్రాహకాన్ని తాకితే మూతపడుతుంది. వచ్చినవాడు ఒకడే, అతడు ఏ గడియ మీద చెయ్యి వేశాడన్నదే ప్రశ్న. ఫ్రాన్సులోని తూలూజ్ నగరంలో లాఫోంటాన్, బెర్లాన్ మొదలైనవారు మానవుల కొవ్వు కణాలలో ఈ మూసే గడియల పాత్రను వివరంగా పరిశోధించారు. స్త్రీల పిరుదుల, తొడల కొవ్వులో ఆల్ఫా-2 ప్రభావం ఎక్కువ. పొట్ట చుట్టూ తక్కువ. అందుచేత ఎడ్రినలిన్ ఎంత తట్టినా తొడల గాదె సులభంగా తెరుచుకోదు.

శరీరం ఇంత కట్టుదిట్టం చేయటానికి అర్థమేమిటి? స్వీడన్‌లో 1985లో ప్రకటించిన ఒక పరిశోధన దీనిమీద మంచి వెలుగు ప్రసరించింది. రెబుఫె-స్క్రీవ్, ఆమె సహచరులు గర్భిణులలోను, బిడ్డకు పాలిచ్చే తల్లులలోను తొడల కొవ్వు కణాలను పరీక్షించారు. మామూలు రోజుల్లో గట్టిగా బిగించి ఉండే ఈ గాదెలు, తల్లి పాలిచ్చే కాలంలో మాత్రం సులువుగా కొవ్వు విడుదల చేస్తున్నాయి! మొండిదని మనం తిట్టుకొనే ఆ కొవ్వు బిడ్డ పాలకోసం దాచిపెట్టిన నిలవ అన్నమాట. యౌవనారంభంలో ఈస్ట్రోజెన్ ప్రభావంచేత బాలికలకు తుంటి, తొడలు నిండటం ఇందుకే. ఆరోగ్యవతి అయిన యువతి బరువులో సుమారు నాలుగవ వంతు కొవ్వే. దీనిని జబ్బుగా భావించి పస్తులుంటే, తొడలకన్నా ముందు ముఖం వాడుతుంది, కండ తరుగుతుంది. అతిగా పోతే నెలసరి కూడ ఆగిపోతుంది.

మర్దనలు, పూతలు, నడుముకు బిగించి అదిలించే పట్టీలు ఈ గడియలను తెరవలేవు. వాటి గురించి ఇంతకంటె చెప్పటం అనవసరం. గొట్టంతో కొవ్వును పీల్చివేసే శస్త్రచికిత్స మాట వేరు. అక్కడ కణాలే పోతాయి. కాని 2011లో అమెరికాలోని కొలరాడోలో వెలువడిన పరిశోధనలో ఒక వింత కనబడింది. స్త్రీల తొడలనుంచి ఆ విధంగా తీసిన కొవ్వు ఒక ఏడాదిలో శరీరానికి మొత్తంమీద తిరిగి వచ్చింది. తొడలకు రాలేదు, పొట్టకు వచ్చింది.

పొట్టకు రావటం మంచి బేరం కాదు. 1947లో మార్సెయ్ నగరపు వైద్యుడు జాన్ వాగ్, కొవ్వు ఎంత ఉన్నదన్నదానికన్నా ఎక్కడ ఉన్నదన్నది ముఖ్యమని, నడుముపైన కొవ్వు చేరేవారికి మధుమేహం వంటి వ్యాధులు ఎక్కువని హెచ్చరించాడు. 2005లో 52 దేశాలవారిని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ పరిశోధన ఇదే చెప్పింది: గుండెపోటును సూచించటంలో మొత్తం బరువుకన్నా నడుము, తుంటి కొలతల నిష్పత్తి మెరుగు, తుంటి చుట్టుకొలత ఎక్కువగా ఉండటం కొంత రక్షణ కూడాను. తొడల కొవ్వు, భోజనానంతరం రక్తంలో చేరిన కొవ్వును పట్టి దాచి, కాలేయానికీ గుండెకూ చేరకుండా ఆపుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మనవారు దీనిని మరీ శ్రద్ధగా గమనించాలి. 2004లో పూనాకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యడ్కిన్ కలిసి తీయించుకొన్న ఛాయాచిత్రం వైద్యలోకంలో ప్రసిద్ధం. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరి సూచికా 22.3. కాని కొవ్వు యడ్కిన్‌లో నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌లో 21.2 పాళ్ళు! సన్నగా కనబడుతూనే పొట్టలో కొవ్వు దాచుకొనే దేహం మనది. కనుక టేపు పట్టవలసింది నడుముకు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి లోపు ఉంటే మంచిది. ఈ కొలతలు ఇంటివద్ద తీసుకొమ్మని చెప్పటం మేలు. తరగతిలో పదిమంది ఎదుట పిల్లల చుట్టుకొలతలు చదవటం వైజ్ఞానిక పద్ధతి అనిపించుకోదు.

బరువు నిజంగా ఎక్కువైన పెద్దవారు వారానికి అరకిలోకు మించకుండా తగ్గవచ్చు. ఎదిగే పిల్లలు మాత్రం వైద్యుని సలహా లేకుండా తిండి తగ్గించరాదు. డెల్టాలో మన పళ్ళెం చాలావరకు తెల్లటి అన్నం. ఉడికిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు. అన్నం పూర్తిగా మానక్కరలేదు; పప్పు, చేప, గుడ్డు, ఆకుకూర పెరిగి అన్నం తగ్గితే చాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక బెరిబెరి పరిశోధనగా పుట్టింది; మరపట్టిన బియ్యమే ప్రధానాహారమైనవారి వ్యాధి అది. ఆ సంస్థే నేడు పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటున్నది. నడక, సైకిలు, బస్కీలు, నాట్యం అన్నీ మంచివే. మొదట నడుము తగ్గుతుంది, తరువాత తక్కినవి. తొడల వంతు వచ్చేసరికి నెలలు పడుతుంది. కొందరికి తల్లి పోలికను బట్టి అవి నిండుగానే ఉండిపోతాయి.

ఒక్క విషయం మాత్రం వేరుగా చెప్పాలి. కృష్ణా డెల్టా బోదకాలు ఉన్న ప్రాంతం. కొవ్వు రెండు కాళ్ళకూ సమానంగా ఉంటుంది, నొప్పి ఉండదు, పాదం వాయదు. ఒక కాలు మాత్రమే లావెక్కినా, పాదం వాచినా, వేలితో నొక్కితే గుంట పడినా, గజ్జలలో బిళ్ళ కట్టి జ్వరం వస్తున్నా అది కొవ్వు కాదు. రెండు తొడలూ సమానంగానే పెరిగి, ముట్టుకుంటే నొప్పిగా ఉండి, పాదాలు మాత్రం మామూలుగా ఉండే మరొక వ్యాధిని 1940లో అమెరికాలోని మేయో వైద్యశాలకు చెందిన ఆలెన్, హైన్స్ వర్ణించారు. ఈ రెండింటికీ కసరత్తుతో కాలయాపన చేయరాదు. బోదకాలు క్రిములు రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. అందుకే పరీక్షకు రక్తం రాత్రిపూట తీస్తారు. ఆ పరీక్షలో క్రిమి కనపడకపోయినా, వాపు నిలిచి ఉన్నంతకాలం వైద్యునికి చూపించటం మానకూడదు.